రోగిలో ఆత్మహత్య ముప్పు: స్క్రీనింగ్ ప్రశ్నలు ఏం చెబుతాయి, ఏం చెప్పలేవు

నడుంనొప్పితో ఓపీకి వచ్చిన మనిషికి బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు, అవసరమైతే ఎక్స్‌రే రాస్తారు. "బతకడం ఎందుకు అనిపిస్తోందా?" అని అడిగేవాళ్లు అరుదు. ఆత్మహత్యతో చనిపోయినవాళ్లు ఆఖరి రోజుల్లో ఏ వైద్యుల దగ్గరికి వెళ్లారో వెనక్కి తిరిగి చూసిన అధ్యయనాలను కలిపి 2002లో ఒక సమీక్ష వెలువడింది. సగటున 45 శాతం మంది చివరి నెలలో సాధారణ వైద్యుణ్ణి కలిసినవాళ్లే. ఆ నెలలో మానసిక వైద్యం దాకా వెళ్లింది మాత్రం ఐదుగురిలో ఒకరు. అంటే ఆ మనిషి ఆసుపత్రికి రానే లేదని కాదు. వచ్చాడు, కూర్చున్నాడు, చీటీ తీసుకుని వెళ్లిపోయాడు. అడగాల్సిన మాట మాత్రం ఎవరూ అడగలేదు.

మన దగ్గర దీని బరువు ఎంతో జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కలు చూస్తే తెలుస్తుంది. ఆ ఏడాది దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో చనిపోయారు. లక్ష జనాభాకు 12.4 మంది. తెలంగాణలో ఆ రేటు 26.3, జాతీయ సగటుకు రెట్టింపు పైనే. 2022 నవంబరులో వచ్చిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి ఈ మరణాలను 10 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. దానికి ఆసుపత్రుల్లో మొదటి మెట్టు స్క్రీనింగే. అయితే స్క్రీనింగ్ ప్రశ్నపత్రాన్ని జాతకచక్రంలా చదివితే మేలు కంటే కీడే ఎక్కువ.

ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి. ఈ మనిషి మనసులో ఇప్పుడు చావు ఆలోచన ఉందా, ఉంటే ఎంత దూరం వెళ్లింది అని తెలుసుకోవడం ఒకటి. ఈ మనిషి రేపు ఏం చేస్తాడో ముందే చెప్పడం రెండోది. మంచి ప్రశ్నపత్రం మొదటి పని బాగా చేస్తుంది. రెండో పని ఏ ప్రశ్నపత్రమూ చేయలేదు. ఈ తేడాను కేస్ షీట్ రాసేవాళ్లూ, దాన్ని చదివేవాళ్లూ మరిచిపోయిన చోటే పొరపాట్లు మొదలవుతాయి.

వాడుకలో ఉన్న మూడు పనిముట్లు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది పీహెచ్‌క్యూ-9. నిజానికి ఇది కుంగుబాటును కొలిచేది. 2001లో ప్రచురితమైంది, తెలుగు అనువాదమూ ఉంది. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా అనిపించిందన్నదాన్ని బట్టి తొమ్మిది ప్రశ్నలకు 0 నుంచి 3 వరకు మార్కులు. మొత్తం 27. 5 నుంచి తేలికపాటి కుంగుబాటు, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి అంతకంటే ఎక్కువ, 20 నుంచి తీవ్రం. మనకు కావలసింది తొమ్మిదో ప్రశ్న. చనిపోతే మేలనో, ఏదో రకంగా తనకు తాను హాని చేసుకోవాలనో ఆలోచనలు వచ్చాయా అన్నది అందులో ఉంటుంది.

ఈ ప్రశ్నలోనే చిక్కు ఉంది. ఒకే వాక్యంలో రెండు సంగతులు కలిపేశారు. కీళ్లనొప్పులతో మంచం పట్టిన డెబ్బై ఏళ్ల పెద్దావిడ "ఆ దేవుడు ఎప్పుడు తీసుకుపోతాడో" అనుకోవడానికీ, అప్పులవాళ్లు ఇంటిమీదికి వచ్చిన రాత్రి ఒక రైతు చేసే ఆలోచనకూ ఇక్కడ ఒకే మార్కు పడవచ్చు. అందుకే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కానిది ఏది వచ్చినా అది జవాబు కాదు, ఇంకా అడగమని చెప్పే సూచన మాత్రమే.

దానికంటే పెద్ద పొరపాటు మొత్తం మార్కు మీదే కన్ను పెట్టడం. ఉదాహరణకు ఒకరికి మొత్తం 8 వచ్చింది, అందులో తొమ్మిదో ప్రశ్నకే 2 వచ్చిందనుకుందాం. మొత్తాన్ని చూసినవాళ్లు "తేలికపాటి" అని రాసి నెల తర్వాత రమ్మంటారు. నిజానికి ఆ మనిషి గత రెండు వారాల్లో సగానికి పైగా రోజులు చావు గురించో, తనకు హాని చేసుకోవడం గురించో ఆలోచించాడు. కాబట్టి ఫారం చేతికి రాగానే ముందు కింది వరుస చూడాలి, ఆ తర్వాతే కూడిక. ఫోన్లోనో ట్యాబ్‌లోనో నింపించే చోట ఇంకో ప్రమాదం ఉంది. రోగి జవాబు సర్వర్‌లోకి వెళ్లిపోతుంది, డాక్టరు సాయంత్రమెప్పుడో చూస్తారు. తొమ్మిదో ప్రశ్నకు ఒకటి పడగానే అక్కడున్న మనిషికి తెలిసే ఏర్పాటు లేకపోతే ఆ ప్రశ్న అడగడమే తప్పు.

రెండోది ఏఎస్‌క్యూ. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ తయారుచేసింది, 2012లో ప్రచురించింది. మూడు పిల్లల ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో 10 నుంచి 21 ఏళ్ల మధ్యవాళ్లు 524 మందిని అడిగి, పొడవాటి ప్రశ్నావళితో పోల్చి, మిగిలిన నాలుగు ప్రశ్నలివి: గత కొన్ని వారాల్లో చచ్చిపోతే బాగుండనిపించిందా, నువ్వు లేకపోతే నీకో నీ ఇంట్లోవాళ్లకో మేలనిపించిందా, గత వారంలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా, ఎప్పుడైనా ప్రయత్నించావా. అవునో కాదో చెబితే చాలు. అంతా కలిపి అర నిమిషం కూడా పట్టదు. ముప్పున్నవాళ్లలో దాదాపు 97 శాతం మందిని ఇది పట్టుకుంది. తర్వాత పెద్దవాళ్లలోనూ పరీక్షించారు.

నాలుగింటిలో ఏ ఒక్కదానికి "అవును" వచ్చినా, జవాబు చెప్పనని మొండికేసినా పాజిటివ్‌గానే లెక్క. అప్పుడే అయిదో ప్రశ్న: "ఇప్పుడు, ఈ క్షణంలో ఆ ఆలోచన ఉందా?" దానికి అవునంటే అత్యవసరం. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, గదిలో ప్రమాదకరమైనవి ఉంచకూడదు, మానసిక వైద్యుడి పూర్తి పరీక్ష అయ్యేదాకా ఇంటికి పంపకూడదు. కాదంటే అదే రోజు, వెళ్లేలోపు, పది పదిహేను నిమిషాల చిన్న అంచనా జరగాలి. జవాబు నిరాకరించడాన్ని కూడా పాజిటివ్‌గా తీసుకోవడం ఈ పనిముట్టులోని తెలివైన అంశం. చెప్పనన్నవాళ్ల దగ్గరే చెప్పాల్సింది ఎక్కువుంటుంది.

మూడోది కొలంబియా స్కేల్, పొట్టిపేరు సీ-ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్. 2011లో ప్రచురితమైంది. దీని స్క్రీనర్‌లో ఆరు ప్రశ్నలు మెట్లలా ఉంటాయి. చనిపోయి ఉంటే, లేదా నిద్రపోయి మళ్లీ లేవకుండా ఉంటే బాగుండేదనిపించిందా? మీ ప్రాణం మీరే తీసుకోవాలన్న ఆలోచన నిజంగా వచ్చిందా? ఎలా అన్నది ఆలోచించారా? అలా చేయాలన్న ఉద్దేశం ఎంతో కొంతైనా ఉందా? వివరాలు అనుకుని, ఆ ప్రకారం చేయాలని నిశ్చయించుకున్నారా? ఇక ఆరోది: ఎప్పుడైనా ఏదైనా చేశారా, చేయబోయారా, సిద్ధం చేసుకున్నారా? చేసి ఉంటే గత మూడు నెలల్లోనా? మొదటి అయిదూ గత నెల రోజుల గురించి. (ఇక్కడ రాసింది భావం తెలియడానికి. ఆసుపత్రిలో వాడాల్సింది ఆమోదం పొందిన అనువాదాన్నే.)

రెండో ప్రశ్నకు "లేదు" వస్తే 3, 4, 5 వదిలేసి ఆరోదానికి వెళ్లాలి. చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఇది ఈ స్కేల్ వాడకంలో తరచూ జరిగే తప్పు, ప్రమాదకరమైనది కూడా. నెల రోజులుగా ఆలోచన లేదన్నవాళ్లు రెండు నెలల క్రితం ప్రయత్నించి ఉండవచ్చు. ఆరోది అందరినీ అడగాల్సిందే. మొదటి రెండింటికే అవునంటే ఒక స్థాయి, మూడోదానికి అవునన్నా పాత ప్రయత్నం ఉందన్నా దాని పై స్థాయి, నాలుగు, అయిదు ప్రశ్నల్లో దేనికి అవునన్నా, మూడు నెలల్లోపు ప్రయత్నం ఉన్నా వెంటనే కాపలా, వెంటనే సైకియాట్రిస్టుకు కబురు.

కొలంబియా పద్ధతి తెచ్చిన గొప్ప మేలు మాటలకు హద్దులు గీయడం. చనిపోవాలన్న ఉద్దేశం కొద్దిగానైనా ఉండి, తనకు హాని కలిగేలా చేసిన పని ఏదైనా ప్రయత్నమే, దెబ్బ తగలకపోయినా సరే. ఎవరో వచ్చి ఆపితే అది అడ్డుపడిన ప్రయత్నం. తనంతట తాను ఆగిపోతే విరమించుకున్న ప్రయత్నం. ఉత్తరం రాసిపెట్టడం, విలువైన వస్తువులు ఇంకొకరికి అప్పగించడం లాంటివి సన్నాహాలు. "చిన్నపాటి గొడవలెండి, బెదిరించడానికి చేసింది" అని ఇంటివాళ్లు కొట్టిపారేసేవి చాలావరకు ఈ నాలుగు గదుల్లో ఒకదానిలో పడతాయి. బెదిరింపు అన్న మాట కేస్ షీట్‌లోకి రాకుండా ఉంటే అదే పెద్ద మార్పు.

పూర్తి స్కేల్‌లో ఆలోచన తీవ్రతను కొలిచే అయిదు అంశాలు కూడా ఉన్నాయి: ఎంత తరచుగా వస్తుంది, వస్తే ఎంతసేపు ఉంటుంది, అదుపు చేసుకోగలుగుతున్నారా, ఆపుతున్నది ఏమిటి, అసలు ఆ ఆలోచన ఎందుకు వస్తోంది. "పిల్లల ముఖం చూసి ఆగాను" అన్న మాట మన దగ్గర ఎక్కువగా వినిపిస్తుంది. అది నాలుగో అంశానికి జవాబు. విన్నవాళ్లు ఊరట పడి ముందుకు వెళ్లిపోకూడదు. పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు, వాళ్లు దగ్గర లేని రోజు ఎలా గడుస్తోంది అని అడగాలి.

తెలుగులో అడగడం

స్కేల్ ఎంత మంచిదైనా అది పనిచేసేది మాటల్లోనే. ముందుగా, అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనన్న భయం వదిలేయాలి. న్యూయార్క్‌లో 2,342 మంది హైస్కూలు విద్యార్థుల్లో సగం మందిని ఆత్మహత్య గురించి అడిగి, మిగతావాళ్లను అడగకుండా పోల్చిచూసిన అధ్యయనం 2005లో వచ్చింది. అడిగినవాళ్లలో బాధ గానీ ఆలోచనలు గానీ పెరగలేదు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనా అదే చెప్పింది.

అడిగే తీరులో మన నాలుకకు బాగా అలవాటైన తప్పొకటుంది: "అలాంటి ఆలోచనలేం లేవు కదా?" ఈ ప్రశ్నలో జవాబు ముందే పెట్టేశాం. రోగి మర్యాదకైనా "లేవండి" అంటాడు. బ్రిటన్‌లో మానసిక వైద్యుల సంప్రదింపులను వీడియో తీసి పరిశీలించినప్పుడు ఆత్మహత్య గురించి వేసిన ప్రశ్నల్లో నాలుగింట మూడు ఇలా "లేదు" వైపు మొగ్గినవేనని 2017లో తేలింది. అలా అడిగినప్పుడు రోగులు లేదనడం ఎక్కువైంది. నిపుణుల నోటే అలా వస్తే, యాభై మంది క్యూలో ఉన్న ఓపీలో స్టాఫ్ నర్సు నోట రావడంలో వింత లేదు. శిక్షణలో మొదట మార్చాల్సింది ఇదే. "మీలా బాధపడుతున్న చాలామందికి బతుకు మీద విరక్తి పుడుతుంది. మీకు అలా అనిపించిందా?" అని తలుపు తెరిచి, తర్వాత సూటిగా అడగాలి.

సూటిగా అంటే ఏ మాటతో? "ఆత్మహత్యా భావన" పుస్తకాల మాట, పల్లెలో ఎవరూ వాడరు. "ఏమైనా చేసుకోవాలనిపించిందా" అన్నది అందరికీ తెలిసిన మాటే గానీ డొంకతిరుగుడు. అడిగేవాళ్లకు సిగ్గుగా ఉందని వినేవాళ్లకు తెలిసిపోతుంది. "ప్రాణం తీసుకోవాలనిపించిందా" అన్నది స్పష్టంగా ఉంటుంది. "చచ్చిపోతున్నా బాబూ ఈ నొప్పితో" అని మనం రోజుకు పదిసార్లు అంటాం కాబట్టి, మొదటి మెట్టు ప్రశ్నకు వచ్చిన "అవును" అలవాటు మాటా నిజం మాటా అన్నది ఇంకో ప్రశ్న వేస్తే గానీ తెలియదు. "మందు" అన్న మాట మరీ చిక్కు. ఔషధమైనా, సారాయి అయినా, పొలంలో కొట్టేదైనా మనకు మందే. "మందు తాగాడు" అని క్యాజువాలిటీ రిజిస్టర్‌లో రాస్తే తెల్లారి డ్యూటీకి వచ్చినవాళ్లకు ఏం అర్థమవుతుంది? ఏ మందో విడదీసి రాయాలి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అని మన పత్రికలు రాస్తాయి. దొంగతనానికి, మోసానికి, దౌర్జన్యానికి వాడే క్రియే ఇది. కేస్ షీట్‌లో, రోగి ఎదుట, ఈ క్రియ మానేయడానికి ఖర్చేమీ లేదు. "ప్రయత్నించారు", "ఆత్మహత్యతో చనిపోయారు" అంటే సరిపోతుంది.

ఎవరి ముందు అడుగుతున్నాం అన్నది మాటలంత ముఖ్యం. మన ఓపీలో రోగి ఒక్కరే రారు. భర్తో, అత్తో, అన్నో పక్కనుంటారు, తరచూ జవాబులూ వాళ్లే చెబుతారు. అత్తగారు పక్కన ఉండగా కోడలికి పెట్టిన స్క్రీనింగ్ జరగనట్టే లెక్క. "మేం ఇక్కడ అందర్నీ కాసేపు విడిగా చూస్తామమ్మా, మీరు అలా బయట కూర్చోండి, పిలుస్తాం" అని అందరికీ ఒకేలా చెప్పే అలవాటు చేస్తే ఎవరికీ అనుమానం రాదు. పదహారేళ్ల పిల్లల విషయంలో ముందు పిల్లలతో విడిగా, తర్వాత తల్లిదండ్రులతో మాట్లాడాలి. రహస్యం ఎంతవరకు ఉంచుతామో, ప్రాణానికి ముప్పనిపిస్తే ఎవరికి చెబుతామో మొదలుపెట్టకముందే పిల్లలకు చెప్పాలి. ఇంటర్ ఫలితాల రోజుల్లో కడుపునొప్పి, తలనొప్పి అంటూ వచ్చే పిల్లల దగ్గర ఏఎస్‌క్యూలోని ఆ అర నిమిషం ప్రశ్నలు ఎంతో విలువైనవి.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో కొడుకు దగ్గరికి వెళ్లి ఆసుపత్రి పాలైన తెలుగు తల్లిదండ్రులకు ఈ ఇబ్బంది రెట్టింపు. అక్కడ నర్సు ఇంగ్లీషులో అడుగుతుంది, కొడుకు అనువదిస్తాడు. కొడుకు నోటితో ఆ ప్రశ్న విని ఏ తల్లి అవునంటుంది? ఆసుపత్రి దుబాసీని అడిగే హక్కు రోగికి ఉంది, ఫోన్లోనైనా పెట్టించుకోవాలి. అక్కడున్న తెలుగు విద్యార్థులకు అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు సాయం చేసే 988 ఫోన్ నంబరు 2022 జులై నుంచి పనిచేస్తోంది.

పాజిటివ్ అంటే ఏమిటి, నెగటివ్ అంటే ఏమిటి

ఒక లెక్క వేసి చూద్దాం. పది వేల మంది రోగులున్నారు, వాళ్లలో రాబోయే కాలంలో ప్రయత్నించబోయేవాళ్లు 20 మంది అనుకుందాం. మన పరీక్ష నూటికి 90 మందిని సరిగ్గా పట్టుకుంటుంది, ముప్పు లేనివాళ్లలో నూటికి 90 మందిని సరిగ్గా వదిలేస్తుంది అనుకుందాం. ఇంత మంచి పరీక్ష ఈ రంగంలో లేదు, అయినా అనుకుందాం. 20 మందిలో 18 మంది దొరికారు. మిగిలిన 9,980 మందిలో 998 మందికి ఊరికే పాజిటివ్ వచ్చింది. మొత్తం పాజిటివ్‌లు 1,016, అందులో నిజమైనవి 18. నూటికి ఇద్దరు కూడా కాదు. తప్పు పరీక్షది కాదు. అరుదైన సంఘటనను ముందే చెప్పబోయిన ప్రతి పరీక్షకూ ఇదే గతి.

అమెరికాలో హ్యూస్టన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో 4,800 మంది మానసిక రోగులను ఏళ్లపాటు గమనించి 1983లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతి నలభై ఏళ్ల క్రితమే చూపించింది. వాళ్లలో 67 మంది ఆత్మహత్యతో చనిపోయారు. ఏ అంశాలను ఎలా కలిపినా ఆ 67 మందిని మిగతావాళ్ల నుంచి పనికొచ్చేలా విడదీయలేకపోయారు. యాభై ఏళ్ల పరిశోధన నుంచి 365 అధ్యయనాలను కలిపి 2017లో చేసిన విశ్లేషణ కూడా, తెలిసిన కారణాలు ఏవీ భవిష్యత్తును నాణెం ఎగరేసి చెప్పడం కంటే పెద్దగా మెరుగ్గా చెప్పలేకపోతున్నాయని తేల్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022 సెప్టెంబరులో ఖరాఖండిగా చెప్పింది: భవిష్యత్తు ఆత్మహత్యను ఊహించడానికి స్కేళ్లు వాడొద్దు, ఎవరికి చికిత్స ఇవ్వాలి, ఎవర్ని ఇంటికి పంపాలి అని తేల్చడానికి వాడొద్దు, తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ముప్పు అని మనుషుల్ని మూడు గంపల్లో వేయొద్దు.

అలాగని ప్రశ్నలు వృథా కాదు. అమెరికాలో ఒక ఆరోగ్య బీమా వ్యవస్థలో పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్నకు వచ్చిన జవాబులను తర్వాతి ఏడాదితో పోల్చి చూశారు. "అసలు లేదు" అన్నవాళ్లలో ఏడాదిలో ప్రయత్నించినవాళ్లు 0.4 శాతం, "దాదాపు రోజూ" అన్నవాళ్లలో 4 శాతం. పది రెట్లు. ఈ ఒక్క అంకెలో రెండు పాఠాలున్నాయి. రోజూ అన్న ప్రతి వందలో 96 మంది ప్రయత్నించలేదు, కాబట్టి వాళ్లను నేరస్తుల్లా గదిలో పెట్టి తాళం వేయకూడదు. అసలు లేదన్నవాళ్లలోనూ ప్రయత్నాలు జరిగాయి, ఆ గుంపు చాలా పెద్దది కాబట్టి వాళ్ల సంఖ్యా చిన్నది కాదు. మానసిక ఆసుపత్రిలో ఉండగానో, విడుదలైన వెంటనేనో చనిపోయిన 76 మంది రికార్డులు చూస్తే, వారిలో 78 శాతం మంది చివరిసారి అడిగినప్పుడు అలాంటి ఆలోచన లేదనే చెప్పారని 2003లో వచ్చిన అధ్యయనం తెలిపింది.

కాబట్టి "నెగటివ్" అన్న ముద్ర ఆ రోజుకూ, ఆ ప్రశ్నకూ మాత్రమే. ఆత్మహత్య ఆలోచన గంటల్లో పెరుగుతుంది, గంటల్లో తగ్గుతుంది. వార్డులో చేరినప్పుడు అడిగిన జవాబు, పెద్ద జబ్బు పేరు చెప్పిన రోజుకు చెల్లదు. అప్పులవాడి ఫోన్ వచ్చిన రోజుకూ చెల్లదు. చేరినప్పుడు, పరిస్థితి మారినప్పుడు, డిశ్చార్జికి ముందు మళ్లీ అడగాలి. మత్తులో ఉన్నవాళ్లనూ, జ్వరం తీవ్రతతో స్పృహ తడబడుతున్నవాళ్లనూ తేరుకున్నాక మళ్లీ అడగాలి. ఈలోగా జాగ్రత్తలో లోటు రాకూడదు. డిశ్చార్జి తర్వాతి రోజులు అన్నిటికంటే గడ్డువి. మానసిక విభాగాల నుంచి విడుదలైనవాళ్ల మీద 2017లో చేసిన విశ్లేషణలో మొదటి మూడు నెలల రేటు లక్ష మందికి ఏడాదికి 1,132 చొప్పున తేలింది.

వార్డులో తప్పేది ఎక్కడ

ఫారం డ్యూటీ చివర్లో ఒకేసారి నింపడం మొదటిది. వరుసగా ముప్పై ఫారాల్లో అన్నీ "లేదు" ఉంటే ఆ వార్డులో ముప్పు లేదని కాదు, ఎవరూ అడగలేదని. నింపిన ఫారాల సంఖ్య చూసి సంతోషించే పర్యవేక్షకులు పాజిటివ్‌లు నూటికి ఎన్ని వస్తున్నాయో చూడాలి. విషం తీసుకుని వచ్చినవాళ్లు చేరే జనరల్ మెడిసిన్ వార్డులో పాజిటివ్ ఒక్కటీ రాకపోతే ఆ ఫారాలకు విలువ లేదు.

రెండోది చట్టం భయం. "పొరపాటున తాగింది, దగ్గు మందనుకుంది" అని ఇంటివాళ్లు చెబుతారు, పోలీసు కేసవుతుందని. వైద్య సిబ్బందీ ఆ మాటే రాసుకుని ఊపిరి పీల్చుకుంటారు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వేరేలా రుజువైతే తప్ప విచారించకూడదు, శిక్షించకూడదు. సంరక్షణ, చికిత్స, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్య ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షనే లేదు. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయడం వేరు, మనిషిని నేరస్తుణ్ణి చేయడం వేరు. ఈ రెండు ముక్కలు ఇంటివాళ్లకు విడమరచి చెబితే చాలాసార్లు అసలు సంగతి బయటికి వస్తుంది.

మూడోది ఒట్టు. "మళ్లీ అలా చేయనని నా మీద ఒట్టెయ్" అని తల్లి అడగడంలో ప్రేమ ఉంది. డాక్టరు అడిగితే, కాగితం మీద సంతకం తీసుకుంటే, దానికి ఏ బలమూ లేదు. పైగా రోగి తర్వాత ఆలోచన వచ్చినా ఒట్టు తప్పినట్టవుతుందని చెప్పకుండా దాచుకుంటాడు.

నాలుగోది చీటీ రాసి పంపేయడం. "సైకియాట్రీ ఓపీ, గది 14" అని రాసిన చీటీతో నూటికి ఎందరు ఆ గదికి వెళ్తారో ఎవరికివారు తమ ఆసుపత్రి రిజిస్టరు తిరగేసి చూసుకోవచ్చు. వెంట ఒక మనిషి వెళ్లి అప్పగించాలి. మానసిక వైద్యుడు లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయితే, రోగి అక్కడ ఉండగానే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ కలిపి మాట్లాడించాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవ తెలుగులోనూ, రాత్రీపగలూ ఉంటుంది. ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో ఎవరికి అలాంటి ఆలోచన ఉన్నా అదే నంబరు.

అడిగిన తర్వాత

అమెరికాలో ఎనిమిది ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో 1,376 మంది రోగులతో మూడు దశల్లో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. మొదట మామూలు వైద్యం, తర్వాత అందరికీ స్క్రీనింగ్, మూడో దశలో స్క్రీనింగ్‌తో పాటు రక్షణ ప్రణాళిక, ఇంటికెళ్లాక ఫోన్లు. స్క్రీనింగ్ ఒక్కటే పెట్టిన దశలో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. మూడో దశలో మొత్తం ప్రయత్నాలు 30 శాతం తగ్గాయి. ప్రశ్నపత్రం కొని శిక్షణ పూర్తయిందనుకునే ప్రతి ఆసుపత్రీ ఈ ఫలితాన్ని గోడకు అంటించుకోవాలి.

రక్షణ ప్రణాళిక అంటే రోగితో కలిసి, రోగి మాటల్లోనే, ఒక కాగితం మీద రాసుకునే ఆరు విషయాలు. ఇరవై నిమిషాల నుంచి ముప్పావుగంట పడుతుంది. ఆ ఆలోచన ముంచుకొస్తోందని తెలిపే గుర్తులేమిటి. అప్పుడు తనంతట తాను ఏం చేస్తే తేలికపడుతుంది. ఎవరి మధ్యకు, ఎక్కడికి వెళ్తే మనసు మళ్లుతుంది. ఎవరికి నోరు విప్పి చెప్పగలడు. ఏ డాక్టరు, ఏ ఫోన్ నంబరు. ఇంట్లో ప్రమాదకరమైన వాటిని ఎలా దూరం చేయాలి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 1,640 మందిని పరిశీలించినప్పుడు, ప్రణాళిక, ఫోన్ పలకరింపు అందినవాళ్లలో ఆరు నెలల్లో ఆత్మహత్య ప్రవర్తన 3.03 శాతం, మామూలు వైద్యం అందినవాళ్లలో 5.29 శాతం.

"గుడికి వెళ్తాను, పాటలు వింటాను" అని నర్సు తానే రాసేసిన ప్రణాళికలు ఎందుకూ కొరగావు. ఏ గుడి, ఏ వేళ తెరిచి ఉంటుంది, రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఏం చేస్తారు? అంత వివరంగా అడగాలి. ఆరో అంశం దగ్గర మన జిల్లాల్లో ఎక్కువసేపు కూర్చోవాలి. పొలం మందులు ఇంట్లో కాకుండా వేరే చోట తాళంలో ఉండటం, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండటం, మాత్రలు నెలకు బదులు వారానికి మాత్రమే ఇచ్చి అవీ ఇంట్లో మరొకరి చేతికివ్వడం. దీనికి రోగి ఒప్పుకోవాలి, ఎవరికి చెప్పాలో రోగే ఎంచుకోవాలి. ఆపద తీవ్రంగా ఉండే సమయం సాధారణంగా కొద్దిదే కాబట్టి, ఆ కొద్దిసేపు చేతికి అందకుండా ఉండటమే ప్రాణం నిలబెడుతుంది.

ఆ తర్వాత ఫోన్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు నగరాల్లో చేయించిన పరిశోధన 2008లో వెలువడింది. అందులో మన చెన్నై ఒకటి. ప్రయత్నం చేసి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిలో సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగానికి దానికి తోడు ఒక గంట విడిగా మాట్లాడటం, తర్వాత తొమ్మిదిసార్లు ఫోన్లోనో ఇంటికెళ్లో పలకరించడం. పద్దెనిమిది నెలల్లో ఆత్మహత్యతో చనిపోయినవాళ్లు మామూలు వైద్యం వైపు 2.2 శాతం, పలకరింపు వైపు 0.2 శాతం. దీనికి యంత్రాలు అక్కర్లేదు. పలకరించిన వారాలివి: 1, 2, 4, 7, 11. తర్వాత 4, 6, 12, 18 నెలలకు.

ఇది మన ఆసుపత్రుల్లో జరగాలంటే డిశ్చార్జి రోజే కొన్ని పనులు పూర్తి కావాలి. రోగి నంబరుతో పాటు, రోగి ఎంచుకున్న ఇంకొకరి నంబరు తీసుకుని, అక్కడే రెండూ మోగించి చూడాలి. కొడుకు సెల్ నంబరు ఇచ్చి, ఆ కొడుకు హైదరాబాద్‌లో ఉంటే మొదటి వారమే దారి తప్పినట్టు. ఏ వేళ ఫోన్ చేస్తే పక్కన ఎవరూ ఉండరో అడిగి రాసుకోవాలి. ఇంకెవరైనా ఎత్తితే ఆసుపత్రి పేరు, విషయం చెప్పకుండా, మళ్లీ చేస్తామని మాత్రం అనాలి. రోగితో మాట్లాడినప్పుడు నిద్ర, తిండి, మాత్రలు, మొన్న రాసుకున్న కాగితం ఎక్కడుంది అన్నవి అడిగి, కొలంబియా ప్రశ్నలు "మనం పోయినసారి మాట్లాడిన దగ్గర్నుంచి" అని కాలం మార్చి మళ్లీ అడగాలి. ఎత్తకపోతే అదే రోజు ఇంకోసారి, మర్నాడు రెండో నంబరుకు, అప్పటికీ లేకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తకు. ఇవన్నీ ఒక రిజిస్టర్‌లో, తేదీతో, చేసినవాళ్ల సంతకంతో ఉండాలి. సెలవు మీద వెళ్లే సిస్టర్ ఆ వారం జాబితాను ఎవరికి అప్పగించిందో కూడా అందులోనే రాయాలి.